పాత ఫ్రెంచి బాయొనెట్లు - వాని సేకరణ

తపాలాబిళ్ళలను, నాణెములను, అగ్గిపెట్టెల చీటీలను సేకరించువారిని మనలో చాలమంది ఎరుగుదురు. పాత గడియారములను, వాద్యములను, తాళపత్ర గ్రంథములను కూడబెట్టువారును కలరు. ఆయుధములను సేకరించుట వీనికంటె కొంత భిన్నమైన వ్యాసంగము. తపాలాబిళ్ళ ఎవరినీ గాయపరచదు. నాణెమును ఎవరి ప్రాణము తీయుటకును అచ్చువేయలేదు. ఆయుధమట్టిది కాదు. దానిని కొని తెచ్చి ఇంట పెట్టుకొనువాడు, దీనిని ఏల దాచుచున్నానన్న ప్రశ్నకు తనకు తానే సమాధానము చెప్పుకొనవలసియుండును. ఆ సమాధానమును పందొమ్మిదవ శతాబ్దపు ఫ్రెంచి సైన్యము వాడిన కత్తి బాయొనెట్ల యందు వెదకవచ్చునని మా తలంపు. ఏలయనగా లోకమునందలి ఆయుధములలో ఇంత స్పష్టముగా తమ చరిత్రను తామే చెప్పుకొనునవి అరుదు.

బాయొనెట్టు అనగా తుపాకి కొనకు బిగించుకొను పోటుకత్తి. హిందూస్థానీలో దీనినే సంగీను అందురు. ఫ్రాన్సు దేశపు నైరుతి మూలనున్న బాయోన్ అను పట్టణపు పేరునుండి ఈ మాట పుట్టినదని సాధారణముగా చెప్పుదురు. పదునేడవ శతాబ్దమునందలి తొలి బాయొనెట్టుకు కొయ్యపిడి యుండెడిది. సీసాకు బిరడా పెట్టినట్లు ఆ పిడిని తుపాకి మూతిలోనికే దిగగొట్టెడివారు. బిరడా పెట్టిన తుపాకి పేలదు గదా! 1689 జూలైలో స్కాట్లండునందలి కిలీక్రాంకీ కనుమవద్ద ప్రభుత్వ సైనికులు తుపాకులు కాల్చి, ఈ బిరడా కత్తులను బిగించుకొనునంతలోనే కొండప్రాంతపు వీరులు కత్తులు దూసి మీదపడి, వారిని చెల్లాచెదరు చేసిరి. ఆ రోజులలోనే ఫ్రాన్సునందు, కోటల నిర్మాణమున పేరుగాంచిన వోబాన్, గొట్టపు తొడుగు గల బాయొనెట్టును ప్రోత్సహించుచుండెను. దీనిని తుపాకి మూతికి వెలుపలగా తొడుగుదురు. కనుక అది తగిలియుండగనే తుపాకిని పేల్చవచ్చును. ఇది వచ్చిన పిమ్మట పొడవైన బల్లెములతో పని లేకపోయెను. 1703లో ఫ్రెంచి కాల్బలము వానిని విడిచిపెట్టెను.

1757లో బొబ్బిలి కోటను ముట్టడించిన బుస్సీ పేరు తెలుగువారికి క్రొత్తది కాదు. ఆ కాలపు ఫ్రెంచి పదాతుల తుపాకికి ఉండినది ఈ గొట్టపు బాయొనెట్టే. అది పిడిలేని మూడంచుల చువ్వ. తుపాకినుండి తీసివేసినచో దానితో చేయదగిన పని దాదాపు లేదు. మేము చెప్పబోవు కత్తి బాయొనెట్టు వేరు. దానికి పిడి కలదు, అడ్డుకమ్మి కలదు, ఒర కలదు. తుపాకికి తగిలించినపుడు బల్లెము, తీసి చేతబట్టినపుడు కత్తి. ఫ్రెంచి సైన్యము దీనిని పెద్ద ఎత్తున చేపట్టినది 1840 తరువాతనే.

ఆ కథకు ఆఫ్రికాతో సంబంధమున్నది. 1830లో ఫ్రెంచివారు అల్జీరియాపై దండెత్తిరి. ఆ యుద్ధములకును, యూరపు యుద్ధములకును పనికివచ్చునట్లు, చురుకుగా నడిచి, దూరమునకు గురిచూచి కాల్చగల తేలిక కాల్బలమును సిద్ధము చేసిరి. ఆ దళములకు షాసూర్లని పేరు. వేటగాండ్రని దాని యర్థము. 1840లో పది దళములు ఏర్పడెను. వారికిచ్చిన తుపాకి తక్కిన పదాతుల తుపాకికంటె పొట్టిది. పొట్టి తుపాకికి పొడుగు రావలెనన్నచో పొడుగైన కత్తి కావలెను. 1842 నాటి నమూనా కత్తి బాయొనెట్టు ఇట్లు వచ్చినది. దాని అలుగు సుమారు 57 సెంటీమీటర్ల పొడవు. దాని రూపము మాత్రము చూచువారికి వింతగొలుపును. అది తిన్నగా సాగదు. ఒకవైపునకు వంగి, మరల రెండవవైపునకు తిరిగి, పాము కదలినట్లుండును. తురుష్కదేశమునందును, ఉత్తరాఫ్రికాయందును వాడుకలోనున్న యటగాన్ అను కత్తి వంపు అది.

ఈ వంపు కేవలము అలంకారము కాదు. ఆనాటి తుపాకిలో మందును, గుండును మూతివైపునుండియే వేసి, గజముతో దట్టించవలెను. కొనయందు బాయొనెట్టు తగిలియుండగా సైనికుడు గజమును పైకి క్రిందికి ఆడించుచుండిన, వాని పిడికిలి అలుగు ప్రక్కనే తిరుగుచుండును. అలుగు వంపుతిరిగి, చేతికి దూరముగా జరిగినచో చేయి తెగదు. పోటుకు కావలసిన మొన మరల గొట్టపు వరుసకు సమీపించును. ఒక్క వంపుతో రెండు పనులు నెరవేరినవి. ఆయుధములను చేయువారి బుద్ధికుశలత ఇట్టి చిన్న విషయములందే తెలియుచుండును.

సేకరించువారికి తరచుగా దొరకునది దీని తరువాతి నమూనా, 1866 నాటిది. ఆంత్వాన్ అల్ఫోన్స్ షాస్‌పో అను నాతడు రూపొందించిన తుపాకిని ఫ్రెంచి ప్రభుత్వము ఆ సంవత్సరము స్వీకరించెను. దీనిలో తూటాను వెనుకవైపునుండి పెట్టుదురు. గజముతో దట్టించు పనియే లేదు. కాబట్టి ఆ పాము వంపు అవసరమును తీరిపోయినది. అయినను షాస్‌పో బాయొనెట్టుకు యటగాన్ వంపునే ఉంచిరి. అవసరము పోయిన తరువాతను అలవాటు నిలుచుననుటకు ఇది మంచి నిదర్శనము. దీని పిడి పోతపోసిన ఇత్తడి. చేయి జారకుండుటకై అడ్డగీతలు తీర్చినది. పిడి ప్రక్కన ఉక్కు స్ప్రింగు, ముందువైపు తుపాకి గొట్టమునకు తొడుగు ఉంగరము, అడ్డుకమ్మి చివర కొక్కెమువలె వంగిన భాగము, ఉక్కు ఒర - ఇవి దీని గుర్తులు. 1870 జూలై నాటికి ఫ్రెంచి సైన్యమునకు పదిలక్షల షాస్‌పో తుపాకులు సిద్ధమైయుండెను. తుపాకికొక బాయొనెట్టు చొప్పున లెక్కించినచో, ఇవి నేటికిని లోకమంతట ఏల కానవచ్చుచున్నవో తెలియును.

ఇప్పుడు ఈ కత్తి వెన్నును చూతము. అలుగుకు పదునైన వాదర ఒకవైపు, మందమైన వెన్ను రెండవవైపు ఉండును. ఆ సన్నని వెన్నుపై, మునుపటి గుమాస్తాలు చిట్టాలు వ్రాసినట్టి గొలుసుకట్టు వ్రాతలో, ఏ ప్రభుత్వ కర్మాగారమున, ఏ నెలలో, ఏ సంవత్సరమున ఆ కత్తి తయారైనదో చెక్కియుండును. సాంత్ ఎతియెన్, షాతెల్‌రో, త్యూల్, మ్యూట్జిగ్ - ఈ నాలుగు ఊళ్ళ పేర్లలో ఏదో ఒకటి అందు కానవచ్చును. సాంత్ ఎతియెన్ బొగ్గుగనులకును, రిబ్బను నేతకును, ఆయుధములకును పేరొందిన పట్టణము. షాతెల్‌రో కర్మాగారము 1819లో పుట్టి, 1968లో మూతబడినది. ఫ్రాన్సు ఆయుధశాఖ పాత దస్తావేజులను నేడు ఆ ప్రాంగణమునందే భద్రపరచియున్నారు.

క్రొత్తగా ఈ వ్రాతను చదువువారు నెల పేరువద్ద పొరబడుదురు. తేదీలో ఏడు అంకె వేసి దాని ప్రక్కన మూడు చిన్న అక్షరములు చెక్కియుండిన, ఏడవ నెల, జూలై యనుకొందురు. అది జూలై కాదు, సెప్టెంబరు. ఫ్రెంచి భాషలో ఏడును సెత్ అందురు; సెప్టెంబరు నెలపేరు ఆ ధ్వనితోనే మొదలగును. కావున ఏడు అంకెను సెప్టెంబరుకు పొట్టిగుర్తుగా వాడెడివారు. అట్లే ఎనిమిది అక్టోబరు, తొమ్మిది నవంబరు, రోమను లెక్కలో పదిని తెలుపు అడ్డగుర్తు డిసెంబరు. పూర్వపు రోమను పంచాంగములో సంవత్సరము మార్చితో మొదలగుటచే ఆ నెలలకు ఆ సంఖ్యల పేర్లు వచ్చినవి. ఒక ఇనుప కత్తి వెన్నుపై రెండువేల యేండ్ల నాటి పంచాంగపు గుర్తు మిగిలియుండుట చిత్రము కాదా?

ఆ వ్రాతలో మరియొక మాటను గమనింపవలెను. 1870 వేసవి వరకు తయారైన వానిపై కర్మాగారపు పేరుతోపాటు సామ్రాజ్యమునకు చెందినదను విశేషణము కానవచ్చును. అప్పుడు ఫ్రాన్సును ఏలుచుండినవాడు మూడవ నెపోలియను చక్రవర్తి. 1870 జూలై 19న ప్రష్యాతో యుద్ధము వచ్చినది. సెప్టెంబరు 2న సెడాన్ వద్ద చక్రవర్తియే శత్రువునకు చిక్కెను. రెండు దినముల తరువాత పారిసునందు రిపబ్లికును ప్రకటించిరి. అటు తరువాతి కత్తులపై సామ్రాజ్యమను మాట లేదు. ఆయుధముల కర్మాగారమని మాత్రమే యుండును. 1871 మే నెలలోని ఫ్రాంక్‌ఫర్టు సంధితో అల్సాస్ ప్రాంతము జర్మనుల వశమైనది. మ్యూట్జిగ్ ఆ ప్రాంతములోనిది. కావున ఆ ఊరి పేరు తరువాతి కత్తులపై మరి కానరాదు. ఒక ప్రభుత్వము కూలుట, ఒక సీమ చేజారుట - ఈ రెండును అర అంగుళమైన లేని ఉక్కు వెన్నుపై చదువుకొనవచ్చును.

కొన్ని షాస్‌పో బాయొనెట్లపై ఫ్రెంచి వ్రాతతోపాటు అడ్డుకమ్మిమీద జర్మను దళముల ముద్రలుండును. 1870 అక్టోబరు చివర మెట్స్ కోటలో బజేన్ సేనాపతి లక్షా డెబ్బదివేలకు పైబడిన సైనికులతో లొంగిపోయెను. వారి ఆయుధములన్నియు జర్మనుల పాలయ్యెను. జర్మను రాజ్యములు ఆ తుపాకులను మార్చుకొని వాడుకొనెను. బాయొనెట్లపై తమ దళముల సంఖ్యలను కొట్టించెను. ఒకే కత్తిపై రెండు దేశముల గుర్తులు! ఒకటి తయారుచేసినవాని సంతకము, రెండవది గెలుచుకొన్నవాని ముద్ర. ఇట్టి కత్తి ధర యెంతయని అడుగువా రుందురు. అది చెప్పునది యెంతయని అడుగువాడే నిజమైన సేకర్త.

ఈ సందర్భమున మాకు తెలిసిన ఒక సంగతి చెప్పవలసియున్నది. పాత వస్తువులయందు ఆసక్తిగల మా మిత్రులొకరు విదేశమున నుండినపుడు ఒక దుకాణములో షాస్‌పో బాయొనెట్టును కొనిరి. అది వెండివలె మెరయుచుండెను. పిడి బంగారమువలె నుండెను. ఇంటికి వచ్చినవారెల్లరు మెచ్చుకొనిరి. విషయము తెలిసిన పెద్దమనిషి యొకరు దానిని చేతికి తీసికొని, వెన్నును వెలుతురునకు ఏటవాలుగా పట్టి చూచి, మారుమాటాడక తిరిగి యిచ్చివేసిరి. వెన్నుపై ఏమియు లేదు. అమ్మకమునకు ముందు ఎవరో దానిని ఆకురాయి చక్రముపై పట్టి నున్నగా అరగదీసియుండిరి. ఆ కత్తి ఏ ఊరిదో, ఏ నెలదో, సెడానుకు ముందుదో తరువాతిదో చెప్పగల సాక్ష్యము ఒక్క గడియలో పొడియై రాలిపోయినది. నూరేండ్ల త్రుప్పు చేయని పనిని ఒక్క పూట మెరుగు చేసినది. ఆ కత్తిలో ఇనుము తరిగినది స్వల్పమే. పోయినది దాని పేరు, ఊరు.

ఇక తరువాతి నమూనాలను చూతము. 1874లో గ్రా అను సైనికాధికారి పేర క్రొత్త తుపాకి వచ్చినది. దాని బాయొనెట్టు తిన్నగా నుండును. పాము వంపు చివరకు పోయినది. అలుగు 52 సెంటీమీటర్లు. అడ్డముగా కోసి చూచినచో ఆంగ్లలిపిలోని ‘టీ’ అక్షరము ఆకారమున నుండును. వెన్ను వెడల్పు, వాదర పలుచన. ఇందువలన బరువు తగ్గినను బలము తగ్గలేదు. పిడికి కొయ్య పలకలు, కొనకు ఇత్తడి. వెన్నుమీది వ్రాత దీనికిని కలదు. ఓడిపోయిన సైన్యమును త్వరగా సిద్ధము చేయవలసి వచ్చుటచే, ప్రభుత్వ కర్మాగారములు చాలక, ప్రైవేటు కర్మాగారములకును, ఆస్ట్రియాలోని స్టెయర్‌కును పనిని అప్పగించిరి. ఆ పేర్లును కత్తులపై దొరకును.

1886లో లెబెల్ తుపాకి వచ్చినది. పొగరాని తుపాకి మందును వాడిన తొలి సైనిక తుపాకి ఇదియే. దాని బాయొనెట్టులో కత్తి లక్షణము పూర్తిగా పోయినది. నాలుగు పలకలుగా తీర్చిన సన్నని సూదివంటి అలుగు. కోయుటకు పనికిరాదు, పొడుచుటకు మాత్రమే. పిడి మన ఇండ్లలో జర్మను సిల్వరు అనబడు తెల్లని మిశ్రలోహము. 1914లో యుద్ధము వచ్చినపుడు ఫ్రెంచి సైనికులు దీనికి రోజలీ అని ఆడుపేరు పెట్టిరి. తెయొదోర్ బొత్రెల్ అను గాయకుడు ఆ పేరున పాట కట్టి ప్రచారము చేసెను. అన్నము పెట్టిన చేతికి పెట్టవలసిన ముద్దుపేరు ప్రాణము తీయు సూదికి పెట్టబడినది!

ఇంతకును బాయొనెట్టు యుద్ధములో ఎంతమందిని చంపినది? ఈ ప్రశ్నకు సమాధానము ఆశ్చర్యకరమైనది. ఆ శతాబ్దపు సైనిక వైద్యులు గాయములను లెక్కించిరి. అమెరికా అంతర్యుద్ధమునందు వైద్యులు నమోదు చేసిన గాయములలో కత్తిపోట్లు, బాయొనెట్టు పోట్లు కలిపి నూటికి ఒకటియైనను కాలేదు. బాయొనెట్టు దెబ్బ తగులుటకు పూర్వమే ఏదో ఒక పక్షము వెన్నిచ్చి పారిపోవుట ఎక్కువ. దాని పని శత్రువు గుండెలో భయమును పుట్టించుట, తన సైనికుని గుండెలో ధైర్యమును నింపుట. అంతవరకు అది సత్యమే. ఆ భయమే తుపాకి గుండును కూడ ఆపగలదని నమ్ముటతో ప్రమాదము ఆరంభమైనది.

అది ఆపజాలదని అందరికంటె ముందు ఋజువు చేసినది ఫ్రెంచివారి తుపాకియే. 1870 ఆగస్టు 18న సేంప్రివా గ్రామమువద్ద ప్రష్యను గార్డు దళములు బారులు తీరి బయలు మైదానమున ముందుకు వచ్చెను. షాస్‌పో గుండ్లవానలో గంట తిరుగకమునుపే సుమారు 8,000 మంది కూలిరి. మృతులు, క్షతగాత్రులు అందరును కలిసి. వెనుకనుండి తూటాలు పెట్టు తుపాకి యెదుట మనిషి ఛాతీ ఎంత దూరము నడువగలదో ఆ దినము తేలినది. అయినను నలుబదినాలుగేండ్ల తరువాత, ఆ పాఠమును నేర్పిన దేశమే దానిని మరచినది. ఎల్లప్పుడును దాడియే చేయవలెనన్న సిద్ధాంతము సైనిక కళాశాలలలో వ్యాపించినది. 1914 ఆగస్టులో ఎర్రని లాగులు ధరించిన పదాతులు బాయొనెట్లు బిగించి మరతుపాకులకెదురుగా నడచిరి. ఆగస్టు 22న, ఆ ఒక్క దినముననే, సుమారు 27,000 మంది ఫ్రెంచి సైనికులు మరణించిరి. వారి దేశచరిత్రలో అంతటి నెత్తుటి దినము మరియొకటి లేదు.

అటు తరువాత బాయొనెట్టు తగ్గుముఖము పట్టిన తీరు సేకర్త పెట్టెలో కన్నులకు కట్టును. 1915లో లెబెల్ బాయొనెట్టు అడ్డుకమ్మికున్న కొక్కెమును తీసివేసిరి. జర్మను సిల్వరు కొరతచే పిడులను ఇత్తడితోను, ఉక్కుతోను చేసిరి. ఇరుకైన కందకములలో పొడుగు కత్తి తిరుగదు. అందుచే పాత గ్రా బాయొనెట్లను నరికి పొట్టి బాకులుగా మార్చిరి. 1935లో లెబెల్ అలుగును 52 నుండి సుమారు 35 సెంటీమీటర్లకు కుదించిరి. 1936 నమూనా తుపాకికి మిగిలినది ఒక చిన్న చువ్వ మాత్రమే. దానికి ఒరయును లేదు, పిడియును లేదు. గొట్టము క్రింది తొర్రలో తలక్రిందులుగా దూర్చి ఉంచుదురు. బయటికి కనబడను కూడ కనబడదు.

1842, 1866, 1874, 1886, 1936 - ఈ అయిదింటిని ఒక బల్లమీద వరుసగా పరచి చూడుడు. మొదటిది వీరుని నడుమున వ్రేలాడిన ఖడ్గము. చివరిది సిగ్గుతో దాగిన మేకు. నడుమ దాదాపు నూరేండ్లు, ఒక మహాసామ్రాజ్యము, మూడు గొప్ప యుద్ధములు, లెక్కకందని యువకులు. ఒక జాతి ఉక్కు మొనపై పెట్టుకొన్న నమ్మకము ఎట్లు పెరిగినదో, ఎట్లు మొండికెత్తినదో, ఎంత మూల్యము చెల్లించి కరగినదో ఏ గ్రంథమును ఇంత పొందికగా చెప్పజాలదు. అయితే ఆ వరుసలోని ప్రతి కత్తియు నిజమైనది కావలెను. దాని తేదీ దానిపై నిలిచియుండవలెను. అందుకే ఈ సేకరణలో నిజాయితీ అన్నిటికంటె పెద్ద నియమము.

సేకరింపదలచిన వారికి నాలుగు మాటలు. మొదటిది, కత్తిని చూచుటకు ముందు వ్రాతను చూడవలెను. వెన్ను, అలుగు మొదలు, అడ్డుకమ్మి, ఒర మూతి - ఈ నాలుగు చోట్లను భూతద్దముతో పరిశీలింపవలెను. అలుగు మొదట తనిఖీదారుల చిన్నముద్రలు, అడ్డుకమ్మి పైనను, ఒర పైనను వరుస సంఖ్యలు ఉండును. ఈ రెండు సంఖ్యలు ఒక్కటైనచో, ఆ కత్తియు ఆ ఒరయు పుట్టిననాటినుండి కలిసియున్న జత యని తెలియును. వేరు సంఖ్యలైనను విడిచిపెట్ట నక్కరలేదు. సైన్యపు గిడ్డంగులలోనే అవి తారుమారై యుండవచ్చును. కాని అది ఒక్క జత యని చెప్పి అమ్ముట మాత్రము మోసము. పాత సంఖ్యను అరగదీసి, సరిపోవునట్లు క్రొత్తది కొట్టువారును కలరు. క్రొత్తగా కొట్టిన అంకె అంచులు పదునుగా నుండును. దాని చుట్టు ఇనుము పల్లమై, రంగు మారియుండును.

రెండవది, వెన్నుపై వ్రాత లేనివన్నియు అరగదీసినవి కావు. ఈ ఆకారముననే ఇతర దేశములకై చేసిన కత్తులు కలవు. జర్మనీలోని సోలింగెన్ పట్టణపు తయారీదారుల గుర్తు అలుగుపై నుండవచ్చును. లెబెల్ సూదికి సహజముగనే వెన్నుమీది వ్రాత లేదు. దేనికి ఉండవలెనో, దేనికి ఉండనక్కరలేదో తెలిసికొనుటయే సగము విద్య.

మూడవది, శుభ్రము చేయుట. మన గృహిణులు ఇత్తడి చెంబులను చింతపండుతో తోమి తళతళలాడింతురు. ఆ వైద్యము ఈ పిడికి పనికిరాదు. పులుపు ఇత్తడిమీది కాలపు ఛాయను తినివేయును. ముద్రల అంచులు మెత్తబడును. ఉప్పుకాగితము, ఆకురాయి, ఆమ్లములు అసలు దరిచేర్చరాదు. పొరలుగా లేచిన ఎర్రత్రుప్పును మెత్తని గుడ్డతోను, కొద్దిపాటి కిరసనాయిలుతోను మెల్లగా తుడువవలెను. గట్టిపడిన నల్లని ఛాయను అట్లే ఉంచవలెను. అది కత్తికి రక్షణ. పైన పలుచగా యంత్రపు నూనెనో, మైనమునో రాయవచ్చును. కొబ్బరినూనె, నువ్వులనూనె రాయరాదు. అవి కొంతకాలమునకు జిగురై దుమ్మును పట్టును. చేతి చెమటలో ఉప్పుండును గనుక నూలు తొడుగులు వేసికొని ముట్టుకొనుట మేలు. విశాఖపట్టణము, కాకినాడవంటి సముద్రతీరపు ఊళ్ళలో ఉప్పుగాలి యెక్కువ. వానకాలమున కత్తిని ఒరలో ఉంచరాదు. ఒరలోపల చేరిన తేమ, బయటికి తెలియకుండ, అలుగును తినివేయును. కత్తిని విడిగా, ఒరను విడిగా, పొడిచోట ఉంచవలెను.

నాలుగవది, చట్టము. మన దేశమున 1959 నాటి ఆయుధముల చట్టము క్రింద చేసిన నియమములలో బాయొనెట్టు పేరు పెట్టియే చెప్పబడియున్నది. విదేశమునుండి తెప్పించదలచినవారును, అమ్మదలచినవారును ముందుగా అధికారులను విచారించి, కావలసిన అనుమతి పొందవలెను. సొంతముగా కొనకుండ చూచి నేర్చుకొనదలచిన వారికి పారిసునందలి ఇన్వలీద్ భవనములోని సైనిక ప్రదర్శనశాలయు, సాంత్ ఎతియెన్, త్యూల్ పట్టణములలోని ప్రదర్శనశాలలును గొప్ప పాఠశాలలు. అచ్చట అద్దపు బీరువాలయందు ఈ కత్తులు వరుసదీరియున్నవి.

ఆయుధమును ఏల దాచవలెనన్న ప్రశ్నకు ఇప్పుడు సమాధానము చెప్పవచ్చును. గోడమీద మెరయుటకై దాచినచో అది ఒక గర్వము మాత్రమే. చదువుటకై దాచినచో అది ఒక సాక్షి. సాంత్ ఎతియెన్‌లో ఒక కమ్మరి, 1868లో ఏదో ఒక నెలలో, ఆ అలుగును సాగగొట్టెను. మరియొకడు వంగి కూర్చుండి దాని వెన్నుపై ఊరిపేరును, నెలను చెక్కెను. మూడవవాడు, బహుశః ఇరువదేండ్ల పల్లెటూరి పిల్లవాడు, దానిని నడుమున కట్టుకొని సెడాను దారిని నడిచెను. ఆ మువ్వురి పేర్లును మనకు దక్కలేదు. దక్కినది ఆ వెన్నుమీది ఒక్క పంక్తి. దానిని చెరగనీయక తరువాతివారి చేతికి అందించుటయే సేకర్త చేయగల ఉపకారము. కత్తి పదును పోయినను నష్టములేదు. వ్రాత మాత్రము పోరాదు.